జానెడు టేబుల్ మీద గేమింగ్ పీసీ

ఈ నెల వచ్చిన మెయిల్స్ అన్నీ ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకటే గోల, రూమ్ చిన్నది, టేబుల్ ఇంకా చిన్నది, అయినా గేమింగ్ పీసీ కావాలి. సరే, ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేద్దాం. ప్రింటర్ల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: అన్నా, ఈ మధ్యే జాబ్‌లో జాయినయ్యా, కూకట్‌పల్లిలో పీజీలో ఉంటున్నా. రూమ్‌లో నా వాటాకి వచ్చిన టేబుల్ 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. లోతు, అంతే. 24 అంగుళాల మానిటర్ ఆల్రెడీ ఉంది. మిగతాదంతా లక్ష దాటకుండా కొనాలి. మినీ ఐటీఎక్స్, అంటే బాగా చిన్న సైజు మదర్‌బోర్డుతో బిల్డ్ చేద్దామని ఫిక్సయ్యా, వీడియోల్లో పది లీటర్ల క్యాబినెట్లు చూసి మనసు పారేసుకున్నా. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి అడిగితే ఒక షాపాయన అవన్నీ ఎందుకని గాజు అద్దాల పెద్ద టవర్ చూపించాడు. ఎవరి మాట వినాలి?
– ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, ఇద్దరి మాటా వద్దు, ఐటీఎక్స్ కంటే ఒక సైజు పెద్ద బోర్డు పట్టే మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్ చాలు. పార్ట్స్ లిస్టు పక్కన పెట్టి ముందు ఒక పాత న్యూస్‌పేపరూ, స్కేలూ, కత్తెరా తీసుకో. నువ్వు చూసిన వీడియోల్లో అందరూ లీటర్లు లీటర్లు అంటారు, ఎన్ని లీటర్లు తగ్గితే అంత గొప్ప. కానీ లీటరంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపిన లెక్క, నీ టేబుల్‌కి ఎత్తుతో పనేముంది, పైన సీలింగ్ ఫ్యాన్ దాకా ఖాళీనే కదా. జాగా తినేది క్యాబినెట్ అడుగుభాగం ఒక్కటే.

లెక్క చూడు. ఐటీఎక్స్ వాళ్లలో బాగా పేరున్న కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 ఉంది కదా, అది 18.25 లీటర్లు, అడుగుభాగం 37.6 సెం.మీ. లోతు, 18.5 సెం.మీ. వెడల్పు. అదే కంపెనీ మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్ క్యూ300ఎల్ దాదాపు 34 లీటర్లు, అంటే డబుల్‌కి దగ్గర దగ్గర. అడుగు మాత్రం 38.7 లోతు, 23 వెడల్పు. అర్థమైందా, లీటర్లలో అంత తేడా కనపడేది టేబుల్ మీదకొచ్చేసరికి వెడల్పులో నాలుగున్నర సెంటీమీటర్లు, లోతులో ఒకటి, మిగతాదంతా ఎత్తులోకే పోయింది. ఇంకో తమాషా, లియాన్ లీ వాళ్ల ఏ3 అని మైక్రో ఏటీఎక్స్‌దే చాలా ముద్దుగా ఉండే క్యాబినెట్ ఉంది, 26.3 లీటర్లు, క్యూ300ఎల్ కంటే చిన్నదనే కదా ఎవరైనా అంటారు, కానీ దాని లోతు 44.3 సెం.మీ. నీ టేబుల్ 45. వెనకాల కేబుల్స్ ఎక్కడ పెడతావ్, గోడలోనా? వెనక పవర్ కార్డూ, డిస్‌ప్లే కేబులూ వంగడానికి కనీసం 6 సెం.మీ. వదలాలి. క్యూ300ఎల్‌కి 38.7, 6 కలిపితే 44.7, గీసి గీసి సరిపోయింది. అంటే 34 లీటర్లది పడుతోంది, 26 లీటర్లది పట్టట్లేదు.

అందుకే పేపర్ ముక్క కత్తిరించి టేబుల్ మీద పరవమన్నది. 23 సెం.మీ. ముక్క ఒక అంచున పెట్టు, ఇంకా 67 సెం.మీ. మిగులుతుంది. 24 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 54, హాయిగా కూర్చుంటుంది. ఇప్పుడు ఆ 67లోనే కీబోర్డూ మౌసూ ఆడాలి. నంబర్ ప్యాడ్ ఉన్న ఫుల్ కీబోర్డ్ 44 సెం.మీ. తినేస్తే మౌస్‌కి మిగిలేది 23, షూటింగ్ గేమ్‌లో మౌస్ పక్కకి లాగిన ప్రతిసారీ వేళ్లు క్యాబినెట్‌కి కొట్టుకుంటాయి. నంబర్ ప్యాడ్ లేని కీబోర్డ్ అయితే 36లో అయిపోతుంది, మౌస్‌కి 31. చూశావా, ఐటీఎక్స్‌కి మారితే నీకొచ్చేది నాలుగున్నర సెంటీమీటర్లు, కీబోర్డ్ మారిస్తే ఎనిమిది! దేనికి ఎంత ఖర్చో నువ్వే చూసుకో.

మానిటర్ స్టాండ్ కూడా ఒక పెద్ద దొంగ, దాని కాళ్లకే ఇరవై సెం.మీ. దాకా లోతు పోతుంది. మానిటర్ వెనకాల నాలుగు స్క్రూ రంధ్రాలు 75 మి.మీ. లేదా 100 మి.మీ. చదరంగా ఉంటే స్టాండ్ తీసేసి టేబుల్ అంచుకి బిగించే మానిటర్ ఆర్మ్ పెట్టొచ్చు. రెండు జాగ్రత్తలు. పీజీల్లో టేబుళ్లు చాలావరకు పార్టికల్ బోర్డువి, క్లాంప్ బిగిస్తే నొక్కుకుపోయి ముక్కలు రాలతాయి, కింద ఓ చిన్న ప్లైవుడ్ ముక్క పెట్టి బిగించు, పోయేటప్పుడు ఓనర్‌తో గొడవుండదు. ఇంకోటి, ఆర్మ్ మడత పెట్టినప్పుడు దాని మోచేయి వెనక్కి పొడుచుకొస్తుంది, టేబుల్ గోడకి ఆనుకుని ఉంటే మానిటర్ నువ్వనుకున్నంత వెనక్కి పోదు.

ఇక ఐటీఎక్స్ ఎందుకొద్దంటున్నానంటే, బోర్డు 17 సెం.మీ. చదరం, అందులో ర్యామ్ స్లాట్లు రెండే, కార్డు స్లాట్ ఒకటే, అయినా మైక్రో ఏటీఎక్స్ బోర్డు కంటే ధర ఎక్కువ. ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్ట్స్ అన్నిటికీ కరెంటిచ్చే డబ్బా) కూడా మామూలుది కాకుండా చాలావాటికి ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న సైజుది కావాలి, అదీ ఖరీదే, పైగా మన షాపుల్లో రెండు మోడల్స్ ఉంటే గొప్ప. పది లీటర్ల లోపు వాటిలో చాలావాటికి గ్రాఫిక్స్ కార్డు బోర్డు వెనక్కి వెళ్లిపోయి, రెండిటినీ కలిపే రైజర్ కేబుల్ మీద నడుస్తుంది, ప్రాసెసర్ కూలర్‌కి పెద్దగా ఎత్తు కూడా దొరకదు. ఆ అదనపు డబ్బంతా గ్రాఫిక్స్ కార్డులో పెడితే 8 జీబీ మెమరీ ఉన్న కార్డు కాస్తా 16 జీబీది అవుతుంది. నన్నడిగితే నీ బడ్జెట్‌లో అసలు తేడా అక్కడే ఉంది. ఏటా రూమ్ మారతా, సంక్రాంతికి బస్సులో పీసీ ఒళ్లో పెట్టుకుని ఊరెళ్తా అనే రకమైతే మాత్రం ఐటీఎక్స్‌కి పెట్టే డబ్బు వేస్ట్ కాదు, అప్పుడు ఎన్‌ఆర్200 తీసుకో, దాంట్లో చెయ్యి పడుతుంది, మొదటిసారి బిగించేవాడికి ఏడుపు రాదు.

పార్ట్స్ విషయానికొస్తే ప్రాసెసర్ రైజెన్ 5 7600, ఇది 65 వాట్ల చిప్, డబ్బాలోనే కూలర్ వస్తుంది, అది కాస్త సౌండ్ చేస్తుంది గానీ పని చేస్తుంది, తర్వాత మార్చుకోవచ్చు. బీ650 మైక్రో ఏటీఎక్స్ బోర్డు తీసుకుంటే ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఏఎం5 రకం కాబట్టి మూడేళ్ల తర్వాత చిప్ ఒక్కటే మార్చుకునే దారి ఉంటుంది. కార్డు ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ గానీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ గానీ, ఏదైనా 16 జీబీదే. రెండూ 8 జీబీలో కూడా అమ్ముతారు, డబ్బా మీద పేరు ఒకటే ఉంటుంది, బిల్లు కట్టేముందు 16 అనే అంకె కళ్లతో చూసి కట్టు. 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ చాలు, 160, 180 వాట్ల కార్డులకి 850 అమ్మజూపితే నవ్వి ఊరుకో.

ర్యామ్ దగ్గరే కడుపు మంట. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్లకి మెమరీ అంతా తోడేస్తుంటే మన దాకా వచ్చేది బంగారం రేటుకి వస్తోంది. కాబట్టి 8 జీబీవి రెండు కాకుండా 16 జీబీ డీడీఆర్5 స్టిక్ ఒకటే తీసుకో, కాస్త స్పీడ్ తగ్గుతుంది నిజమే, ధరలు దిగాక అలాంటిదే ఇంకోటి గుచ్చుకుంటే 32 అవుతుంది. రెండు 8లు కొంటే రేపు అవి పీకి పక్కన పెట్టుకోవాల్సి రావచ్చు. బిగించాక బయోస్‌లోకి (పీసీ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల స్క్రీన్) వెళ్లి ఎక్స్‌పో అనే ర్యామ్ స్పీడ్ సెట్టింగ్ ఆన్ చేయడం మర్చిపోకు, చేయకపోతే 6000 స్పీడుకని డబ్బు కట్టిన ర్యామ్ 4800 దగ్గరే నడుస్తూ కూర్చుంటుంది, ఇలా ఏడాది వాడినవాళ్లని నేను చూశా.

ప్రశ్న: నమస్కారమండీ. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. వాడి చదువు కోసమని ఆఫీసుల్లో వాడేసిన సెకండ్ హ్యాండ్ డెల్ ఆప్టిప్లెక్స్ కొన్నాను, పుస్తకాల అరలో పట్టేంత సన్నగా ఉంటుంది, ఐ5 8500 అని రాసుంది. ఇప్పుడు దీంట్లోనే గ్రాఫిక్స్ కార్డు వేయించమని రోజూ ప్రాణం తీస్తున్నాడు. వేయొచ్చా? వేస్తే పాడవుతుందా?
– ఓ తండ్రి, తెనాలి

జవాబు: వేయొచ్చండీ, పాడవదు, కానీ అన్ని కార్డులూ కాదు. మీ దగ్గరున్న సన్న డబ్బాలో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, మామూలు గ్రాఫిక్స్ కార్డు ఎత్తు అందులో పట్టదు, సగం ఎత్తువి ఉంటాయి, వాటిని లో ప్రొఫైల్ కార్డులంటారు, అవే కావాలి. రెండు, అందులో ఎస్‌ఎంపీఎస్ చాలా చిన్నది, గ్రాఫిక్స్ కార్డుకిచ్చే విడి వైరు ఉండదు, కాబట్టి మదర్‌బోర్డు స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతోనే బతికే కార్డు అయ్యుండాలి. పోనీ ఎస్‌ఎంపీఎస్ పెద్దది మార్చేద్దామంటే దాని ఆకారం, ప్లగ్గులు డెల్ వాళ్లవే, బజార్లో దొరికే మామూలువి అందులో కూర్చోవు.

ఈ రెండు కండిషన్లకీ సరిపోయేవాటిలో ఇప్పుడు కొనదగ్గది ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ లో ప్రొఫైల్ మోడల్, 70 వాట్లే తాగుతుంది. పేరు విషయంలో జాగ్రత్త, 3050 8 జీబీ అని ఇంకోటుంది, దానికి విడి వైరు కావాలి, మీకు పనికిరాదు. ఆర్‌ఎక్స్ 6400 అని ఇంకాస్త చవకది చూపిస్తారు, మీ ఐ5 కాలం నాటి బోర్డులో అది పూర్తి స్పీడుకి రాదు, వద్దనే అంటాను. కొనేముందు మీవాడి చేత మూత తీయించి, స్లాట్ పక్కన రెండో స్లాట్ మందం ఖాళీ ఉందా, ఎస్‌ఎంపీఎస్ అడ్డం వస్తోందా, స్కేలు పెట్టి కొలిపించండి, ఎందుకంటే ఈ కార్డులు చాలావరకు రెండు స్లాట్ల మందం, అంటే దాదాపు 40 మి.మీ. పడతాయి. డబ్బాలో చిన్న ఇనప పట్టీ విడిగా ఇస్తారు, సగం ఎత్తుది, అది మార్చి బిగించాలి. స్క్రూడ్రైవరుంటే పది నిమిషాల పని, షాపుకి తీసుకెళ్లక్కర్లేదు.

8500 అంటే ఎనిమిదో తరం ప్రాసెసర్, విండోస్ 11 సరిగ్గా అక్కడి నుంచే ఒప్పుకుంటుంది కాబట్టి మీ అదృష్టం బాగుంది. 2025 అక్టోబర్‌తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది, అదే ఉంటే మార్పించండి. మీవాడు వాలొరెంట్ ఆడతాడని నా అనుమానం, విండోస్ 11లో దానికి సెక్యూర్ బూట్, టీపీఎం అనే సెక్యూరిటీ సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉండాలి, అవి బయోస్‌లో ఉంటాయి, వాడికి చెప్తే క్షణాల్లో వెతికి పట్టుకుంటాడు. ఇక ఇంటర్ రెండో సంవత్సరంలో ఇదంతా ఇప్పుడే అవసరమా అనేది మీ ఇంటి విషయం, మార్చిలో పరీక్షలయ్యాక వేయిస్తానని మాటివ్వండి, ఈలోపు కొలతలైనా తీసుకుంటాడు.

ప్రశ్న: బ్రో, 2020లో ఎన్‌ఆర్200లో బిల్డ్ చేసుకున్నా. రైజెన్ 5 3600, బీ450 ఐటీఎక్స్ బోర్డు, డీడీఆర్4 ర్యామ్ 16 జీబీ, జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు. టేబుల్ బాల్కనీ తలుపు పక్కనే, వేరే చోటు లేదు. ఎండాకాలం ప్రాసెసర్ 90 డిగ్రీలు చూపిస్తోంది, ఫ్యాన్ల సౌండ్‌కి మా ఆవిడ విమానం లేస్తోందా అంటోంది. మొత్తం అమ్మేసి ఏఎం5కి వెళ్లాలా, కార్డు ఒక్కటే మార్చాలా?
– ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు, విశాఖపట్నం

జవాబు: అమ్మకండి బ్రదర్. ఏఎం5కి వెళ్తే బోర్డు, చిప్‌తో పాటు ర్యామ్ కూడా డీడీఆర్5 కొనాలి, దాని రేటు గురించి పైన ఇప్పుడే ఏడ్చా. చేతిలో డీడీఆర్4 ఉన్నవాడు ఇప్పుడు దాన్ని అంటిపెట్టుకుని ఉండడమే తెలివి.

ముందు ఆ 90 సంగతి చూద్దాం, అది అప్‌గ్రేడ్ ప్రాబ్లం కాదు, చీపురు ప్రాబ్లం. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ 2020 నుంచి మార్చారా? అది ఎండి సుద్ద అయిపోయుంటుంది. కూలర్ తీసి పాతది తుడిచేసి బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. రైజెన్ 3000 సిరీస్‌లో కూలర్‌ని నిలువునా లాగితే చిప్ కూడా సాకెట్‌లోంచి ఊడి దాంతోనే వచ్చేస్తుంది, పిన్నులు వంగితే ఇక అంతే, అందుకని పది నిమిషాలు గేమ్ ఆడి వేడెక్కించి, ఆపేసి ప్లగ్ పీకి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లిగా తిప్పుతూ తీయండి. అడుగున ఉన్న జాలీ ఫిల్టర్ తీసి కడగండి, అసలు అదొకటుందని చాలామందికి తెలీదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనివ్వద్దు. ఫ్యాన్లు ఎటు ఊదుతున్నాయో ఒక టిష్యూ పేపర్ ముక్క పెట్టి చూడండి, కింద ఉన్నవి లోపలికి, పైన ఉన్నవి బయటికి. సముద్రం గాలి తగిలే ఇల్లు కదా, స్క్రూలకి తుప్పు, పోర్టుల్లో తెల్లటి పొర కనపడితే ఆశ్చర్యపోకండి, టేబుల్ జరపలేకపోతే కనీసం క్యాబినెట్‌ని బాల్కనీ వైపు కాకుండా రెండో చివరకి మార్చండి.

అంత చేసినా మే నెలలో వేడి ఉంటుంది, దాన్ని ఏ కంపెనీ కూలరూ ఆపలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక సిలికాన్ ఎంత! కూలర్ చేసేది రూమ్ గాలి కంటే చిప్‌ని ఇన్ని డిగ్రీల పైన ఆపడమే, రూమ్ 26 ఉన్నప్పుడు చిప్ 72 ఉంటే, రూమ్ 36 అయితే 82 అవుతుంది, సింపుల్ కూడిక. అందుకే ఎండాకాలానికి వాట్లు తగ్గించుకోవడమే మందు. కొత్త కార్డుకి సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 85 శాతానికి దించితే గేమ్‌లో సెకనుకొచ్చే ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి, వేడి, సౌండ్ మాత్రం బాగా దిగుతాయి. నేను ఉగాది అయిందంటే దించేస్తా, వానలు పడ్డాక మళ్లీ పెంచుతా.

కార్డు ఏదంటే, మీకు ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ చెప్తాను, కారణం మీ బోర్డే. బీ450లో కార్డు గుచ్చే పీసీఐఈ స్లాట్ మూడో తరంది. 5060 టీఐ కార్డు స్లాట్‌లోని 16 లేన్లలో, అంటే డేటా వెళ్లే దారుల్లో, ఎనిమిదే వాడుకుంటుంది, కొత్త బోర్డుల్లో అది లెక్కలోకి రాదు గానీ మీ పాత బోర్డులో దారి ఇరుకైపోతుంది, 8 జీబీ మోడల్ అయితే ఇంకా కష్టం. 9060 ఎక్స్‌టీ పదహారూ వాడుతుంది. కొనేముందు మందం చూడండి. ఒక స్లాట్ అంటే 20 మి.మీ. పైన చిల్లర, మూడు స్లాట్లంటే దాదాపు 61. ఎన్‌ఆర్200లో పొడవు 330 మి.మీ. దాకా పడుతుంది కాబట్టి పొడవుతో బాధ లేదు, మందం పెరిగితే కార్డు కింద ఫ్యాన్లకి చోటుండదు. రెండు స్లాట్ల కార్డు తీసుకుంటే కింద మామూలు 25 మి.మీ. ఫ్యాన్లు, ఇంకాస్త లావైతే 15 మి.మీ. స్లిమ్‌వి. చిన్న డబ్బాలో కింద ఆ రెండు ఫ్యాన్లే ఊపిరి.

మిల్లీమీటర్లంటే గుర్తొచ్చింది. ఇదే క్యాబినెట్ నా దగ్గరా ఉంది, కూలర్ ఎత్తు 155 మి.మీ. దాకా పడుతుందని చదువుకున్నా, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ సరిగ్గా 155 కదా అని ఆర్డర్ పెట్టా. అంటే పెట్టాననుకున్నా. పక్కనే ఎస్‌ఈ అనే అక్షరాలు లేని పీర్‌లెస్ అసాసిన్ 120 ఉంటుంది, అది 157. ధర కాస్త తేడా ఉంటే ఇదేదో ఇంకా మంచిదేమోలే అని దాన్నే నొక్కేశా. రాత్రి పదకొండింటికి అంతా బిగించి, కేబుల్స్ అన్నీ కట్టి, ఆఖరికి సైడ్ ప్యానెల్ పెడితే కింద క్లిప్పులు పడ్డాయి, పైన పడవు. అరచేత్తో నొక్కితే పడుతుంది, చెయ్యి తీస్తే టప్‌మని లేస్తుంది. రెండు మిల్లీమీటర్లు, అంటే రూపాయి బిళ్లకన్నా కాస్త ఎక్కువ! వారం రోజులు ప్యానెల్‌కి సెల్లో టేప్ వేసి నడిపా, మా బావమరిది చూసి పెళ్లివారి స్వీట్ ప్యాకెట్‌లా ఉందన్నాడు. ఆ కూలర్ ఇప్పుడు వాడి పెద్ద టవర్‌లో సుఖంగా ఉంది.

చిప్ కూడా మార్చాలనిపిస్తే మీ బోర్డుకున్న పాత సాకెట్ ఏఎం4లోనే రైజెన్ 5 5600 చాలు, 5700ఎక్స్3డీ మంచి రేటుకి దొరికితే అది ఇంకా బెస్ట్. పాత 3600 సాకెట్లో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసేయండి, పీకేశాక చేద్దామంటే స్క్రీన్ నల్లగానే ఉంటుంది.

ప్రశ్న: టేబుల్ కింద నేల మీద పెట్టేస్తే గొడవే ఉండదు కదా సార్?
– ఓ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఉంటుందమ్మా, కానీ ఆ గొడవ టేబుల్ మీద కాకుండా క్యాబినెట్ లోపల ఉంటుంది. రోజూ ఊడ్చే దుమ్ము, రాలిన వెంట్రుకలు, తడిగుడ్డ పెట్టినప్పుడు చిందే నీళ్లు, ఇవన్నీ నేల నుంచి జానెడు ఎత్తులోపే తిరుగుతాయి, చాలా క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ గాలి పీల్చేది కూడా అడుగు నుంచే. మా ఇంట్లో ఒకసారి పీసీ ఆన్ చేస్తే ఠప్‌మని సౌండ్, కాలిన వాసన, విప్పి చూస్తే ఎస్‌ఎంపీఎస్‌లో బల్లి. వెచ్చగా ఉందని దూరింది పాపం. కింద పెట్టక తప్పకపోతే చిన్న పీట మీద పెట్టు, వెనక వాడని స్లాట్ల పట్టీలు ఊడగొట్టి వదిలేయకు, పవర్ బటన్ పక్కన యూఎస్‌బీ పోర్టులు పైకి ఉండే క్యాబినెట్ చూసుకో, లేకపోతే పెన్‌డ్రైవ్ పెట్టిన ప్రతిసారీ టేబుల్ కింద దూరాలి. టేబుల్ కింద మూడు పక్కలా చెక్క మూసేసి ఉంటే మాత్రం పెట్టొద్దు, వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది.

ప్రశ్న: అన్నా, డాలస్‌లో ఎంఎస్ అయిపోయింది, గుంటూరు వచ్చేస్తున్నా. ఇక్కడ బిల్డ్ చేసుకున్న ఐటీఎక్స్ పీసీ ఉంది, రైజెన్ 7 7800ఎక్స్3డీ, ఆర్‌టీఎక్స్ 4070. అమ్మేసి అక్కడ కొనుక్కోమంటావా, సూట్‌కేసులో తెచ్చేసుకోమంటావా? 120 వోల్టులది అక్కడ 230కి కాలిపోతుందని రూమ్మేట్ భయపెడుతున్నాడు.
– ఓ విద్యార్థి, డాలస్

జవాబు: తెచ్చేసుకో, మన దగ్గర రేట్లు చూస్తే నువ్వే ఆ మాటంటావు. మీ రూమ్మేట్ చెప్పేది పాత కాలం ఎస్‌ఎంపీఎస్‌ల గురించి, వెనక ఎర్ర స్విచ్ ఉండి 115, 230 మార్చుకోవాల్సొచ్చేది. ఇప్పటి ఎస్‌ఎఫ్‌ఎక్స్‌వి దాదాపు అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి, అయినా నా మాట మీద పోవద్దు, పక్కన స్టిక్కర్ మీద ఇన్‌పుట్ అనే చోట 100–240 అని ఉందేమో చూడు, ఉంటే ధైర్యంగా పెట్టుకో. మన సాకెట్‌కి కన్వర్టర్ పిన్ను గుచ్చి నడపొద్దు, గుంటూరులో ఏ కంప్యూటర్ షాపులోనైనా మూడు పిన్నుల పవర్ కార్డు అడిగితే ఇస్తారు, ఎస్‌ఎంపీఎస్ వైపు ప్లగ్ అందరికీ ఒకటే. అక్కడ కొన్న యూపీఎస్ ఏదైనా ఉంటే మాత్రం అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రా, అది అక్కడి వోల్టేజీదే.

ప్యాకింగే అసలు పని. గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌లో వదిలేసి చెకిన్‌లో వేస్తే, బ్యాగులు విసిరే విసురుకి కార్డు బరువంతా ఆ స్లాట్ మీద పడి విరుగుతుంది. కార్డు పీకి, యాంటీ స్టాటిక్ కవర్లో చుట్టి, క్యాబిన్ బ్యాగులో నీతోనే ఉంచుకో. ప్రాసెసర్ మీద పెద్ద టవర్ కూలరుంటే అదీ తీసేయ్, ఎస్‌ఎస్‌డీ కూడా జేబులో పట్టేదే కదా, చేతిలో ఉంచుకో, మీ ఫొటోలన్నీ అందులోనే ఉంటాయి. ఖాళీ అయిన క్యాబినెట్ లోపల నీ టీషర్టులు కుక్కు, బరువు లెక్కలోనూ కలిసొస్తుంది, అద్దం ప్యానెల్ ఉంటే విడిగా దుప్పటి మధ్యలో. కొన్న బిల్లులు ఫోన్‌లో పెట్టుకో, కస్టమ్స్ రూల్స్ బయల్దేరే వారం వాళ్ల సైట్లోనే చదువుకో, నేను ఇప్పుడు రాసినా నువ్వొచ్చేసరికి మారిపోవచ్చు. వారంటీ చాలా కంపెనీలవి కొన్న దేశంలోనే చెల్లుతుంది, ఆ ఆశ వదిలేసుకో.

ఇక్కడికొచ్చాక కరెంటు పోయినప్పటి సంగతి. ఇళ్లలో కనపడే 600 వీఏ యూపీఎస్ అంటే మామూలుగా 360 వాట్లు, నీ కార్డే 200 వాట్లు, చిప్పూ మానిటరూ కలిస్తే గేమ్ మధ్యలో కరెంటు పోగానే అది కుయ్యోమని ఆగిపోవచ్చు. 1000 వీఏది తీసుకో. అది ఆటకి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ కొట్టడానికి. టేబుల్ మీద పెట్టకు, అది మాత్రం నిశ్చింతగా కిందకి తోసేయ్, బల్లులు రాకుండా కాస్త ఎత్తు మీద.